ఈ-రీడర్ పరికరాలు: జనసామాన్యానికి చేరని చరిత్ర

ఉపోద్ఘాతం

పుస్తక పఠనానికి మాత్రమే ఉద్దేశించిన ఎలక్ట్రానిక్ పరికరం ఈ-రీడర్. రేడియోలాగా, చేతి గడియారంలాగా ఇది ఇంటింటి వస్తువు కాగలదా అన్న ప్రశ్న పాతికేళ్లకు పైబడినది. ఈ పరికరం భవితవ్యాన్ని తెర నాణ్యత కంటే దాని వెనుకనున్న పుస్తక విపణి ఎక్కువగా నిర్ణయించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

తొలి యత్నాలు

1998లో అమెరికాలో రాకెట్ ఈబుక్, సాఫ్ట్‌బుక్ అనే పరికరాలు వెలువడ్డాయి. 2000లో ఆ రెండు సంస్థలనూ కొన్న జెమ్‌స్టార్, 2003లో ఆ వ్యాపారాన్ని విరమించుకుంది. 2004లో సోనీ జపానులో విడుదల చేసిన లిబ్రియే పరికరంలో ఎలక్ట్రానిక్ కాగితం ప్రవేశించింది. సూక్ష్మ గుళికలలోని నలుపు, తెలుపు రేణువులు కదిలి అక్షరాలుగా ఏర్పడే ఈ తెర ఎండలోనూ స్పష్టంగా కనిపిస్తుంది; పుట మారినప్పుడే విద్యుత్తును వినియోగిస్తుంది. ఇంత మేలైన తెర ఉన్నా లిబ్రియే నిలవలేదు. డబ్బు చెల్లించి తీసుకున్న పుస్తకం అరవై రోజుల తరువాత తెరుచుకోకపోవడం దాని పెద్ద లోపం.

కిండిల్ దశ

2007 నవంబరులో అమెజాన్ 399 డాలర్ల ధరకు కిండిల్‌ను తెచ్చింది. తెర పాత జాతిదే. కంప్యూటరు అవసరం లేకుండా దాదాపు 90 వేల పుస్తకాలలో కోరినదాన్ని నేరుగా దించుకొనే సౌకర్యం కొత్తది. 2011 నాటికి ప్రకటనలతో కూడిన కిండిల్ 79 డాలర్లకే లభించింది. అయినా ప్యూ పరిశోధనా కేంద్రం సర్వేల ప్రకారం, ఈ-రీడర్ కలిగిన అమెరికా వయోజనులు 2014 ఆరంభంలో 32 శాతం కాగా, 2015లో 19 శాతానికి తగ్గారు. అదే 2015లో స్మార్ట్‌ఫోన్ గలవారు 68 శాతం. ధర దిగినా వాడుక పెరగకపోవడానికి ఒక కారణం కిండిల్ చరిత్రలోనే ఉంది: 2009లోనే ఆ పుస్తకాలను ఐఫోనులో చదివే అప్లికేషన్‌ను అమెజాన్ విడుదల చేసింది. దుకాణానికి కావలసింది కొనుగోలుదారు. అతడు ఏ తెరపై చదివినా దానికి నష్టం లేదు.

తెలుగు స్థితి

కిండిల్ 2012లో భారతదేశంలో అమ్మకానికి వచ్చింది. 2016లో ఆ దుకాణంలో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలకు ప్రత్యేక విభాగం ఏర్పడింది. ఆ ఐదు భాషలలో తెలుగు లేదు. తెలుగు ఈ-పుస్తకాలకు 2010లో మొదలైన కినిగె వంటి వేదికలు, స్కాన్ చేసిన పీడీఎఫ్ ప్రతులు ఆధారమయ్యాయి. ముద్రిత పుట యథాతథంగా ఆరంగుళాల తెరపై ఇమిడితే వత్తులు, గుణింతాలు కంటికి ఆనవు. కాబట్టి పరికరం కొన్న తెలుగు పాఠకుడికి మంచి తెర దక్కింది గాని, దానిపై చదువుకొనే తెలుగు పుస్తకం దక్కలేదు.

ముగింపు

ఈ-రీడర్ విస్తృతంగా చదివేవారి ప్రియమైన పరికరంగా కొనసాగుతుందని, జనసామాన్యపు వస్తువు కావడం కష్టమని పై పరిణామాలు సూచిస్తున్నాయి. పరికరాలు వస్తాయి, పోతాయి. యూనికోడ్ పాఠంగా, ఈపబ్ వంటి బహిరంగ రూపంలో ఉన్న పుస్తకం వాటన్నిటిపైనా తెరుచుకోగలదు. తెలుగు గ్రంథాలను అలా సిద్ధపరచడం ప్రచురణకర్తల, గ్రంథాలయాల తక్షణ కర్తవ్యం.