ఎనిమిది సిలిండర్ల నిశ్శబ్దం

పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అని పేరు పెట్టారు. ఆ పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌ది. ఆయనే చివరి రోజుల్లో ఒక రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కి ఆర్డరిచ్చాడు. 1911లో ఆయన కన్నుమూశాడు, కారు ఆ తర్వాత వచ్చింది. పసుపు రంగు, వెనక సీటు అచ్చం సింహాసనమే. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో చూడొచ్చు. మొత్తం నాలుగొందల మైళ్లు కూడా తిరగలేదంటారు. దానికి ఘోస్ట్ అనే పేరు ఊరికే రాలేదు, నడుస్తుంటే చప్పుడే ఉండదని వచ్చింది. పెద్ద కారుకి అప్పట్లో అసలు కొలమానం వేగం కాదు, నిశ్శబ్దం.

సిల్వర్ ఘోస్ట్‌ది ఆరు సిలిండర్ల ఇంజన్. ఆ నిశ్శబ్దాన్ని ఇంకో మెట్టు ఎక్కించింది స్ట్రెయిట్ ఎయిట్, అంటే ఒకే వరసలో ఎనిమిది సిలిండర్లు. ఇటలీలో ఇసోటా ఫ్రాస్కీని, అమెరికాలో డ్యూసెన్‌బర్గ్, ప్యాకార్డ్ దీన్ని గొప్పింటి గుర్తుగా మార్చాయి. 1931కల్లా బ్యూయిక్ కంపెనీ తన కార్లన్నిటికీ ఇదే ఇంజన్ పెట్టింది.

ఇందులో ఉన్న మహత్తు ఏంటంటే, నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ అర చుట్టు తిరిగితే ఒక పేలుడు. ఎనిమిదింటిలో పావు చుట్టుకే ఒకటి. ఒక తోపు పూర్తికాకముందే ఇంకోటి అందుకుంటుంది. కుదుపుకి సందు దొరకదు. నడుస్తున్న ఇంజన్ మీద నాణెం నిలబెట్టి చూపించే సరదా అలా పుట్టింది. టాప్ గేర్‌లోనే మనిషి నడక వేగంతో కూడా పోగలదు. ఊరేగింపుకి ఇంతకన్నా ఏం కావాలి?

పొడవే దాని అందం, పొడవే దాని జబ్బు కూడా. అంత పొడుగు క్రాంక్‌షాఫ్ట్ తిరుగుతూ తిరుగుతూ మెలిపడుతుంది. దాన్ని అదుపు చెయ్యడానికి ముందువైపు డ్యాంపర్ ఉంటుంది. అందులో రబ్బరు ఎండిపోతే ఎప్పటికో ఒకప్పటికి షాఫ్ట్ విరగొచ్చు. కార్బ్యురేటర్ మధ్యలో ఉంటే చివరి సిలిండర్లకు పెట్రోలు సరిగ్గా అందదు. చల్లనీళ్లు వెనక సిలిండర్ల దాకా వెళ్లేసరికి వేడెక్కిపోతాయి. పాత ఇంజన్లలో బేరింగులు విడిగా కొని బిగించేవి కావు. తెల్ల లోహం కరిగించి పోసి, చేత్తో గీకి, షాఫ్ట్‌కి సరిపోయేదాకా కూర్చోబెట్టాలి.

ఇక మన రాళ్లనేల మీద దీన్ని ఊహించుకోండి. వేసవి ఎండ, గుట్టల ఎగుడు, రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తే లోపల పేరుకునే తెల్లటి పొర. నల్లగొండ నీళ్ల గురించి వేరే చెప్పేదేముంది, ఫ్లోరైడ్ తీసే పద్ధతికే నల్లగొండ టెక్నిక్ అని పేరుంది. ఈ పొర పేరుకుంటే ముందుగా ఉడికేది ఆ వెనక సిలిండర్లే.

అయితే ఇక్కడ ఇంకో సంగతి మర్చిపోతాం. ఈ ఇంజన్లు వెలిగిన కాలంలోనే నల్లగొండ పల్లెల్లో వెట్టి నడిచింది. దొర మేనా ఎక్కితే మోసేది బెస్తలు, బండి ఎక్కితే ముందూ వెనకా పరిగెత్తేది వెట్టివాళ్లు. అటు డెట్రాయిట్‌లో ప్రయాణీకుడికి కుదుపు తెలియకుండా షాఫ్ట్‌కి బరువులు కడుతున్నారు. ఇటు అదే కుదుపు మనిషి భుజం మీద పడుతోంది. ఆ బరువు దించుకోవాలనే కదా ఈ నేల తిరగబడింది. అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉన్న కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి.

1954లో జనరల్ మోటార్స్ బొంబాయిలో కార్లు బిగించడం ఆపేసింది. అమెరికాలో ప్యాకార్డ్, పాంటియాక్ స్ట్రెయిట్ ఎయిట్‌కి స్వస్తి చెప్పిందీ అదే ఏడు. వీ-ఎయిట్ పొట్టిగా, గట్టిగా, చవగ్గా వచ్చేసింది. దాంతో మన దేశంలో మిగిలిన పెద్ద కార్లకి ఇటు పాత యజమానులూ పోయారు, అటు స్పేర్ పార్టులూ పోయాయి. తర్వాత వాటిని బతికించింది మెకానిక్కులే. గ్యాస్కెట్ చేత్తో కోసి, వాల్వు నూరి, లేని భాగాన్ని లేత్ మీద చేసుకున్నారు. వింటేజ్ ర్యాలీలో కారు ముందు పెట్టే బోర్డు మీద మోడలు, సంవత్సరం, ఓనరు పేరు ఉంటాయి. బేరింగు పోసినవాడి పేరు ఉండదు.

ఆ కాలపు బండే ఇంకోటుంది. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఆల్బియన్ బస్సులవి. ఆర్టీసీ బస్సు నంబర్లలో కనిపించే జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం గుర్తు అని చెబుతారు. ఆ బస్సులో నిశ్శబ్దం లేదు, సింహాసనం లేదు. టికెట్ కొన్నవాడు ఎవడైనా కూర్చోవచ్చు, బండి ముందు ఎవడూ పరిగెత్తక్కర్లేదు.

స్ట్రెయిట్ ఎయిట్ అందాన్ని కాదనలేం. ఆ లోహపు వరస ముందు నిలబడితే చేతిపనికి దండం పెట్టాలనిపిస్తుంది. పెట్టాల్సిందే. ఆ దండం ఓనరుకి కాకుండా, దాన్ని చేసినవాళ్లకీ, అది ఆగిపోకుండా చూసినవాళ్లకీ చేరాలి.