ఎర్ర పొరలో చిల్లులు

1974 క్రిస్మస్ రోజులు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్. మాలిక్యులర్ బయాలజీ లేబొరేటరీలో కిటికీ లేని నేలమాళిగ. ఇరవై ఎనిమిదేళ్ల జర్మన్ కుర్రాడు జార్జెస్ కోలర్ భార్యను వెంటబెట్టుకుని మెట్లు దిగుతున్నాడు. ఫలితం మీద పెద్దగా ఆశ లేదు. ఒక్కడికి పొద్దుపోదని ఆమెను రమ్మన్నాడు.

ఎలుక ప్లీహంలో యాంటీబాడీ తయారుచేసే కణాన్ని బయటికి తీస్తే ఎన్నాళ్లో బతకదు. కేన్సర్ కణానికేమో చావు లేదు. రెండింటినీ ఒకటిగా కలిపేస్తే? గురువు సీజర్ మిల్‌స్టీన్‌తో కలిసి వేసిన ఎత్తు అదే. ఎలుకకు ముందుగా గొర్రె రక్తకణాలు ఎక్కించారు. కలిపిన కణాలను గొర్రె రక్తకణాల పొరలో పెట్టారు. యాంటీబాడీ పుడితే చుట్టూ ఉన్న రక్తకణాలు పగిలి, ఎర్ర పొరలో చిల్లు పడాలి.

మొదటి పళ్లెం చూశాడు. చిల్లులు! రెండోదాంట్లోనూ! కేక పెట్టి భార్యను ముద్దు పెట్టుకున్నానని తర్వాత తనే చెప్పుకున్నాడు.

1975లో 'నేచర్' పత్రికలో వ్యాసం, 1984లో నోబెల్. పేటెంట్ మాత్రం లేదు. మిల్‌స్టీన్ ముందే చెప్పినా, బ్రిటిష్ అధికారులకు దీంతో ఏం లాభమో తట్టలేదు. పరాయివాళ్లు కోట్లు గడించారు, అది వేరే కథ.

ఈ పద్ధతి రాకముందు బ్లడ్ గ్రూపు చూసే సీరం మనుషుల రక్తం నుంచే తీసేవారు. బ్యాచ్ మారితే పదును మారేది. ఒకే కణం సంతతైతే ఎన్నేళ్లయినా అదే యాంటీబాడీ. దాన్నే మోనోక్లోనల్ అంటారు. 1980కల్లా మిల్‌స్టీన్ బృందం 'ఏ' గ్రూపును పట్టే యాంటీబాడీని పరీక్షించి చూపింది. ఇవాళ మన ల్యాబుల్లో స్లైడు మీద వేసే నీలి చుక్క, పసుపు చుక్క ఆ దారిలో వచ్చినవే. 'ఏ' గ్రూపు రక్తమైతే నీలి చుక్కలో విరిగినట్టు ముద్దలు కడుతుంది.

గర్భ పరీక్ష ఇంకా చిక్కు. గర్భం నిలిస్తే పుట్టే హెచ్‌సీజీ హార్మోన్‌లో రెండు గొలుసులు. ఒకటి, ప్రతి స్త్రీలోనూ ఉండే ఎల్‌హెచ్ హార్మోన్‌లోనూ ఉంటుంది. పాత సీరాలు ఇక్కడే తడబడేవి. మోనోక్లోనల్ యాంటీబాడీ హెచ్‌సీజీకే సొంతమైన రెండో గొలుసును పట్టుకుంటుంది. మూత్రం పట్టీ మీద పాకుతూ, రంగు రేణువులు అంటించిన ఒక యాంటీబాడీని వెంట తీసుకుపోతుంది. గీత దగ్గర ఇంకొకటి కాపు కాస్తుంటుంది. హెచ్‌సీజీ ఆ రెండింటి మధ్యా చిక్కితేనే అక్కడ గీత పడుతుంది. పక్కనుండే కంట్రోల్ గీత, పరీక్ష సరిగా నడిచిందని చెప్పడానికే. అది రాకపోతే అసలు గీత ఎంత ముదురుగా ఉన్నా లెక్కలోకి రాదు. ఇంకో కిట్టు కొనాల్సిందే.