పాత్ర అడుగున చరిత్ర

మన యిండ్లలో పెండ్లినాడు వచ్చిన యిత్తడి బిందెను వెలుతురుకు త్రిప్పి చూచినచో మెడక్రింద చుక్కచుక్కలుగా ఒక పేరు, ఒక తేది కనిపించును. ఇచ్చినవారు గతించినను ఆ చుక్కలు వారిని గుర్తు చేయుచునే యుండును. ఇత్తడి పాతబడినను కరగించినచో ఎంతో కొంత వెల పలుకును. మట్టిపాత్రకు ఆ పాటి విలువయు లేదు. పగిలిన పిదప పెంటకుప్పయే దానికి గతి. కావున నూరేండ్ల నాటి మట్టిపాత్ర నేడు చెక్కుచెదరక కంటబడినచో, ఎవరో ఒకరు పనిగట్టుకొని దానిని కాపాడిరని గ్రహింపవలెను.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో తమ దేశపు పాత మట్టిపాత్రలను సేకరించుట పలువురకు ప్రియమైన వేడుక. ఆ సేకర్తలు పాత్రను చేతికి తీసికొనగానే దాని మీది పూవులను చూచి మురిసిపోరు. మెల్లగా బోర్లించి అడుగు చూతురు. అచట వారేమి చదువుదురో ఈ ప్రసంగమున ముచ్చటించుకొందము.

1876వ సంవత్సరమున అమెరికా స్వాతంత్ర్యమునకు నూరేండ్లు నిండిన సందర్భములో ఫిలడెల్ఫియా నగరమున గొప్ప ప్రదర్శనము జరిగెను. అందు ఉంచిన జపాను పాత్రలు అమెరికనులను ముగ్ధులను చేసెను. అట్లు ముగ్ధులైనవారిలో సిన్సినాటి నగరపు మరియా లాంగ్‌వర్త్ నికల్స్ ఒకరు. ఆమె సంపన్నుల యింటి ఆడపడుచు. పింగాణిపై చిత్రములు వ్రాయుట ఆమెకు ప్రొద్దుపుచ్చు వేడుక. ఆ వేడుకయే ముదిరి, 1880లో తండ్రి కొని యిచ్చిన ఒక పాత బడిభవనమున రూక్‌వుడ్ అను కార్ఖానాగా వెలసెను. తొమ్మిదేండ్లకే, 1889లో, పారిసు ప్రదర్శనమున ఆ పాత్రలకు బంగారు పతకము లభించెను. జపాను దేశీయుడగు కతారో షిరయమదాని 1887లో అచట చిత్రకారుడుగా చేరి, నడుమ కొన్ని యేండ్లు తప్ప, 1948లో మరణించు వరకు ఆ కార్ఖానాకే పనిచేసెను.

రూక్‌వుడ్ వారు తమ పాత్రల అడుగున వేసిన ముద్ర సేకర్తల పాలిటి పంచాంగము. 1886లో ఆర్, పి అను రెండు ఆంగ్లాక్షరములను వీపులు కలిపి నిలిపినట్లు ఒక ముద్ర నేర్పరచిరి. మరుసటి యేడు దానిపై ఒక అగ్నిజ్వాలను చేర్చిరి. పిమ్మట ఏటేట ఒక్కొక్క జ్వాల. 1900 నాటికి పదునాలుగు జ్వాలలు ఆ ముద్రను చుట్టుకొనెను. ఇక చోటు చాలక, 1901 నుండి క్రింద రోమను అంకెలు వేయసాగిరి. ప్రక్కనే చిత్రించినవారి పొడి అక్షరములును ఉండును. ఏడు జ్వాలలను లెక్కించినవాడు ఆ పాత్ర 1893 నాటిదని ఏ గ్రంథమును తిరుగవేయకయే చెప్పగలడు.

దక్షిణమున న్యూ ఆర్లియన్సు నగరములోని న్యూకోంబ్ మహిళా కళాశాలలో 1895లో మరియొక కర్మశాల ప్రారంభమయ్యెను. స్త్రీలకు జీవనోపాధి మార్గములు మిక్కిలి కొలదిగా నున్న కాలమది. చిత్రకళ నేర్చిన యువతులు గౌరవముగా నాలుగు డబ్బులు సంపాదించుకొనుటకు ఇది యొక దారి యయ్యెను. వారు తమ ప్రాంతపు మేగ్నోలియా పూవులను, నాచు వ్రేలాడు ఓక్ చెట్లను పాత్రలపై దిద్దిరి. అయితే సారెపై కూర్చుండి పాత్రను మలచు పని మాత్రము పురుషులదే. న్యూకోంబ్ పాత్ర అడుగున కళాశాల ముద్రతోపాటు చిత్రించిన స్త్రీ గుర్తును, మలచిన కుమ్మరి గుర్తును వేరువేరుగా నుండును. 1940లో ఆ పని ముగిసెను. ఆ చిన్న గుర్తులే లేకున్నచో ఏ పాత్ర ఏ చేతి పనియో మనకు తెలియకపోయెడిది.

న్యూకోంబ్ కుమ్మరులలో ముఖ్యుడు జోసెఫ్ మేయర్. ఆయన యొద్దనే అంతకుముందు సారె పని నేర్చినవాడు జార్జి ఓర్. మిసిసిపీ రాష్ట్రములోని బిలాక్సీ పట్టణమున 1857లో జన్మించిన ఈ ఓర్ కథ మిగిలినవానికంటె విచిత్రము. పలుచగా మలచిన పచ్చిపాత్రను ఆయన మెలిత్రిప్పును, సొట్టలు పెట్టును, అంచులను గుడ్డవలె ముడతలు వేయును. ఒకదానివలె మరియొకటి చేయడు. 1894లో అగ్నిప్రమాదమున ఆయన కర్మశాల కాలిపోయెను. మాడిన పాత్రలను సైతము ఆయన బిడ్డలవలె దాచుకొనెను. లోకులు పిచ్చికుమ్మరి యనిరి, కొన్నవారు కొద్దిమంది. 1910 ప్రాంతమున సారెను విడిచి, మిగిలిన వేలకొలది పాత్రలను కుటుంబమునకు వదలి, 1918లో ఆయన కన్నుమూసెను. కుమారులు మోటారుబండ్ల మరమ్మతు దుకాణము నడుపుకొనిరి. పాత్రలు మూటలలో, పెట్టెలలో అర్ధశతాబ్దము పడియుండెను. 1960ల చివర పాత మోటారు భాగములకై వెదకుచు వచ్చిన ఒక పాతవస్తువుల వర్తకుడు వానిని చూచి, తుదకు బేరము కుదుర్చుకొనెను. పిమ్మట న్యూయార్కు చిత్రకారులును వానిని కోరి కొనిరి. 2010లో బిలాక్సీలోనే ఆయన పేరిట, ఫ్రాంక్ గేరీ రూపొందించిన మ్యూజియము తెరువబడెను.

వెల పెరిగినచోట మోసమును వెంటవచ్చును. ఓర్ తుది కాలమున మెరుగుపూత పూయక విడిచిన పాత్రలు చాల యుండెను. రంగుపాత్రకు ఎక్కువ ధర వచ్చునను ఆశతో కొన్నిటికి తరువాతి వారు పూతపూసి కాల్చిరి. అందుచేత వివేకముగల సేకర్త ముద్రను మాత్రమే నమ్మడు. వ్రేలితో తట్టి నాదము వినును. అతినీలలోహిత దీపము క్రింద ఉంచి అతుకులను వెదకును. ఆ పాత్ర ఎవరి యింటినుండి ఎవరి యింటికి వచ్చినదో అడిగి వ్రాసికొనును.

ఈ వేడుక ధనవంతులదే యనుకొనరాదు. 1936లో హోమర్ లాఫ్లిన్ కంపెనీ వారు ఫియెస్టా అను పేరుతో తయారుచేసిన రంగురంగుల పళ్లెములు, గిన్నెలు సామాన్యుల భోజనపు బల్లలకై వెలువడినవి. అందు ఎఱ్ఱరంగునకు యురేనియము వాడుచుండిరి. యుద్ధకాలమున ప్రభుత్వము యురేనియమును తన అధీనమునకు తీసికొనుటతో 1943లో ఆ రంగు ఆగిపోయి, 1959లో మరల వచ్చెను. అణుశక్తి చరిత్ర ఒక వంటయింటి పళ్లెమును తాకిన తీరిది! ఆ పాత ఎఱ్ఱపళ్లెములను చూచి ఆనందింపవచ్చును గాని, అందు భుజింపరాదని నిపుణుల హెచ్చరిక.

ఓర్ పాత్రలను ఏబది యేండ్లు కాపాడినది కళాపండితులు కారు. పారవేయుటకు మనసొప్పని ఒక కుటుంబము. మన అటకలపైనను అమ్మమ్మల నాటి ఊరగాయ జాడీలున్నవి. ఈసారి దుమ్ము దులుపునపుడు ఒక్కమారు బోర్లించి చూడుడు. ముద్ర యున్నచో వ్రాసికొనుడు. లేకున్నచో అది ఎవరిదో, ఏ యూరినుండి వచ్చినదో ఇంటి పెద్దలను అడిగి ఒక చీటిపై వ్రాసి లోపల వేయుడు. వారు చెప్పగలిగినపుడే అడుగవలెను. జాడీ తనంత తాను చెప్పలేదు.