షార్లట్ రే సన్నదు

అమెరికా అంతర్యుద్ధము ముగిసి, దాస్యమునుండి విడివడిన నల్లజాతి ప్రజలు పౌరులుగా నిలదొక్కుకొన యత్నించుచున్న కాలమున, వాషింగ్టను నగరమందు 1867లో స్థాపితమైన హోవార్డు విశ్వవిద్యాలయము, రెండేండ్లైనను నిండకమున్నే, 1869 జనవరిలో, ఆరుగురు విద్యార్థులతో న్యాయశాస్త్రశాఖను తెరచెను. సంకెల తెగినంతమాత్రమున హక్కు చేతికందదు. దానిని కచ్చేరిలో నిలిచి వాదించి రాబట్టగల స్వజనము కావలెను. ఆ శాఖకు తొలి అధ్యక్షుడైన జాన్ మెర్సర్ లాంగ్‌స్టన్ ఈ సత్యమును అనుభవమున నెరిగినవాడు. వర్ణభేదముచే న్యాయకళాశాలలు తన్ను చేర్చుకొనకపోగా, ఒక న్యాయవేత్త కడ చదివి, 1854లో ఓహయో రాష్ట్రమున న్యాయవాద సన్నదు పొందెను. తనకు దక్కని విద్యాలయమును పరులకై తానే తీర్చిదిద్దిన ఆ మహాశయుని ఔదార్యము మిక్కిలి కొనియాడదగినది. పగలు ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయువారికి అనుకూలముగా తరగతులు సాయంకాలము జరిగెడివి.

అట్టి తరగతులలో కూర్చుండి 1872లో పట్టము గైకొన్న యువతి షార్లట్ రే. ఈమె 1850లో న్యూయార్కున జన్మించెను. తండ్రి చార్లెస్ బెనెట్ రే మతాచార్యుడు, పత్రికాసంపాదకుడు, దాస్యనిర్మూలనోద్యమమున కృషిసల్పినవాడు. హోవార్డులోనే ఉపాధ్యాయినిగా నుండి న్యాయశాస్త్రము నభ్యసించిన యీమె, పట్టము గైకొన్న యేడే వాషింగ్టను నగరముండు కొలంబియా మండలమున సన్నదు పొంది, ఆ దేశమున న్యాయవాదియైన తొలి నల్లజాతి స్త్రీ యయ్యెను. స్త్రీయని తెలియకుండ పొడియక్షరములతో పేరు వ్రాసి దరఖాస్తు పంపెనని యొక కథ కలదు. ఆ మండలమున పురుషులకే యన్న నియమము అంతకుముందే తొలగింపబడి యుండుటచే నాకీ కథ నమ్మదగినదిగా దోపదు. ఆమె విజయమునకు కపటమును జోడించుట అన్యాయము. ఇలినాయి రాష్ట్రము మైరా బ్రాడ్వెల్ అను స్త్రీకి సన్నదు నిరాకరించుట సక్రమమేయని అమెరికా సుప్రీముకోర్టు 1873లో తీర్పు చెప్పిన దినములవి. మన దేశమున స్త్రీలు న్యాయవాదవృత్తికి అర్హులని శాసనము వెలువడుటకు 1923 వరకు వేచియుండవలసివచ్చెను.

సన్నదు వచ్చెను గాని కక్షిదారులు రాలేదు. వ్యాపారసంబంధమైన న్యాయమున నీమె ప్రజ్ఞను తోడివారు మెచ్చుకొనిరి. ఆమె కార్యాలయమునుగూర్చి నల్లజాతి నాయకుడగు ఫ్రెడరిక్ డగ్లస్ పత్రికలో ప్రకటనయు వెలువడెను. అయినను, సొత్తుగలవారు తమ వ్యాజ్యమును ఒక నల్లజాతి స్త్రీచేతిలో పెట్టుటకు వెనుదీసిరి. 1873నాటి ఆర్థికసంక్షోభము దానికి తోడయ్యెను. ఆమె చేపట్టిన వ్యాజ్యములలో నేటికి మిక్కిలి స్మరింపబడునది, భర్త క్రూరత్వమును సహింపలేక విడాకులు కోరిన మార్తా గాడ్లీ యను నిరక్షరాస్యురాలి పక్షమున 1875లో నడిపినది. క్రింది న్యాయస్థానము త్రోసిపుచ్చిన అర్జీని పైకోర్టునకు గొనిపోయి గెలిపించెను. ధనములేని యొక యాడుదాని మొర నాలకించి, దానిని శాస్త్రభాషలోనికి మార్చి, న్యాయమూర్తుల యెదుట నిలిపిన యీ యొక్క పనియే, నా యెన్నికలో, హోవార్డు పడిన శ్రమనంతటిని సార్థకమొనర్చినది.

1879 నాటికి వృత్తిని విడిచి న్యూయార్కు చేరి, బ్రూక్లిను పాఠశాలలలో బోధించుచు, 1911లో కన్నుమూసెను. ఈమె వైఫల్యమునకు ప్రజ్ఞాలోపము కారణముగాదు. సమకాలికురాలగు న్యాయవాది కేట్ కేన్ రోసీయు, ప్రజల దురభిమానమే ఆమెకు పని దొరకనీయలేదని చెప్పియున్నది. రేవలెనే కష్టపడినవారు వేరొకరును కలరు: వితంతువై, బడిలో పాఠములు చెప్పుకొనుచు, 1869లోనే హోవార్డు న్యాయశాస్త్రశాఖలో చేరిన పత్రికాసంపాదకురాలు మేరీ ఆన్ షాడ్ కేరీకి పట్టము 1883లో గాని దక్కలేదు. అప్పటి కామె దాదాపు అరువదియేండ్ల వృద్ధురాలు.