వేసవి బడిలో పెద్దలు

శతజయంతి సంచికలలో సాధారణముగా దేవాలయములు కట్టిన సంవత్సరములను, సేవ చేసిన గురువుల పేర్లను వ్రాయుదుము. అవి వ్రాయవలసినవే. అయితే మేము ఈ వ్యాసములో ఒక ప్రశ్నకున్న చరిత్రను వ్రాయదలచితిమి. ముసలివారికి చదువు చెప్పుట ఎవరి పని? ఈ ప్రశ్న మాకు డోన్‌లోనే ఎదురైనది.

మేము ఇక్కడికి వచ్చిన మొదటి వేసవిలో పిల్లలకు పది దినములు వి.బి.ఎస్. జరిపితిమి. ముగింపునాడు గుడి మెట్ల మీద కూర్చున్న ఒక అవ్వ మమ్మును పిలిచి, “పిల్లోల్లకు పది దినాలు సదువు చెప్తిరి అయ్యగారూ, మాకు ఒక్క దినమన్నా చెప్పకపోతిరే” అన్నది. మా వద్ద జవాబు లేకపోయినది. వృద్ధుల సేవ అనగా పరామర్శ, ప్రార్థన, భూస్థాపన అని మాత్రమే మేము తలంచియుంటిమి.

నిజమునకు తెలుగు సంఘములలో పెద్దల చదువు కొత్త కాదు. 1912 డిసెంబరు 29న దోర్నకల్ బిషప్‌గా అభిషేకము పొందిన వి.ఎస్. అజరయ్య గారు, సేవకు తర్ఫీదు పొందవచ్చిన పురుషులతోపాటు వారి భార్యలును చదువవలెనని పట్టుపట్టిరి. పల్లెలలో అక్షరము రాని పెద్దలు ప్రభువు ప్రార్థనను, విశ్వాస ప్రమాణమును, పది ఆజ్ఞలను వినికిడితోనే నేర్చుకొని బాప్తిస్మము పొందిరి. వయస్సు మీరినదని వారిని ఎవరును వెనుకకు పంపలేదు.

వేసవి చదువునకు కూడ మన దేశములో చరిత్ర ఉన్నది. తర్ఫీదు లేకయే బడులలో పాఠములు చెప్పుచున్న ఉపాధ్యాయులు చాలమంది ఉండిరి. వారు ఉద్యోగము మానకుండ బి.ఎడ్. చదువుటకై, 1963లో ఏర్పడిన మైసూరు రీజినల్ కాలేజి వంటివి వేసవి తరగతులను, తపాలా పాఠములను జతచేసి నడిపినవి. దక్షిణ రాష్ట్రములకు మైసూరే కేంద్రము. డోన్ నుండి పోవలసినవారు గుంతకల్లు, బెంగుళూరు మీదుగా పోవలెను. సెలవులలో ఇల్లు విడిచి, తలనెరిసిన ఉపాధ్యాయుడు మరల విద్యార్థియై బల్ల మీద కూర్చుండుట చిన్న విషయము కాదు.

అయితే ఆ ఉపాధ్యాయులు నేర్చినది పిల్లలకు చెప్పు విద్య. పెద్దల కొరకు 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమము ఆరంభమైనది గాని, అది 15 నుండి 35 సంవత్సరముల వారిని ఉద్దేశించినది. 1988లో వచ్చిన జాతీయ సాక్షరతా మిషన్ కూడ ఆ వయస్సు వారినే ముఖ్యముగా ఎంచుకొన్నది. పని చేయగల వయస్సువారు ముందు చదువవలెననుట దానిలోని ఆలోచన. అది అన్యాయమైన ఆలోచన కాదు. కాని 60 ఏండ్ల అవ్వ ఆ గీతకు అవతల మిగిలిపోయినది. 2009లో సాక్షర భారత్ వచ్చినప్పుడు 15 ఏండ్లు దాటిన అందరును లెక్కలోనికి వచ్చిరి.

ఇతర దేశములలో ఈలోగా మరియొక మార్గము తెరువబడినది. 1903లో మెచ్నికాఫ్ అను శాస్త్రజ్ఞుడు వృద్ధాప్య శాస్త్రమునకు జెరంటాలజీ అని పేరు పెట్టెను. 1973లో ఫ్రాన్సు దేశపు టూలూజ్‌లో వృద్ధుల కొరకే విశ్వవిద్యాలయ తరగతులు మొదలైనవి. 1975 వేసవిలో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో, సెలవులకు ఖాళీయైన కాలేజీ గదులలో వృద్ధులకు తరగతులు పెట్టిరి. మన రాయలసీమలోనే, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు మనస్తత్వశాస్త్ర శాఖలో ఆచార్య పి.వి. రామమూర్తి గారు, ఆచార్య డి. జమున గారు వృద్ధాప్యముపై ఏండ్ల తరబడి పరిశోధన చేసిరి. ఇంత దగ్గర దీపముండగా మేము చీకటిలో ఉంటిమి.

ఈ శాస్త్రము చెప్పు ముఖ్య సంగతి ఇది: వయస్సుతో నేర్చుకొను వేగము తగ్గును గాని, నేర్చుకొను శక్తి పోదు. మాటల సంపద, అనుభవ జ్ఞానము చాలకాలము నిలుచును. కావలసినది ఎక్కువ సమయము, పెద్ద అక్షరము, మంచి వెలుతురు, వారి బ్రదుకుతో ముడిపడిన పాఠము.

ఇవి తెలియక మరుసటి వేసవిలో మేము తప్పు చేసితిమి. పెద్దల తరగతిని పదకొండు గంటలకు పెట్టి, సన్నని అచ్చు కాగితములు పంచితిమి. ఆ ఎండలో అయిదుగురు వచ్చిరి; మూడవనాటికి ఇద్దరే మిగిలిరి. ముసలివారికి ఆసక్తి లేదని మేము అనుకొంటిమి. అప్పుడు ఆ అవ్వయే, “అచ్చరాలు కండ్లకు ఆనవు అయ్యగారూ” అన్నది. ఆ పై ఏట తెల్లవారి ఆరు గంటలకు వేపచెట్టు క్రింద కూర్చుంటిమి. నాపరాతి బండ మీద సుద్దముక్కతో జానెడు అక్షరములు వ్రాసితిమి. మొదట వారి పేర్లు, తరువాత వారి ఊరి పేరు, ఆ తరువాత యేసు నామము.

పెద్ద మనుమని పెండ్లి నాడు ఆ అవ్వ సాక్షిగా వేలిముద్ర వేసియుండెను. చిన్న మనుమని పెండ్లి నాడు సంతకము చేసినది. మూడు అక్షరములకు చాల సేపు పట్టినది. సంఘమంతయు నిలువబడి ఎదురుచూచినది. ఎవరును తొందరపెట్టలేదు.

2011 జనాభా లెక్కలలో మన దేశమున 60 ఏండ్లు దాటినవారు సుమారు 10 కోట్ల 38 లక్షలు. 2007 చట్టము వారి పోషణ బాధ్యతను పిల్లల మీద పెట్టినది. పోషణ మాత్రమే చాలునా? ఫరో యెదుట నిలిచినప్పుడు మోషే వయస్సు 80. దేవాలయమును విడువని అన్న 84 ఏండ్ల విధవరాలు. దేవుడు వయస్సు చూచి పని ఆపలేదు.

కావున ప్రియ సంఘస్థులారా, రెండవ శతాబ్దములోనికి అడుగిడుచున్న మన ప్రతి పాస్టరేటును వేసవిలో పిల్లలకిచ్చు పది దినములకు తోడు పెద్దలకు ఒక వారమైనను ఇయ్యవలెనని మా మనవి. గురువులమైన మేము కూడ ఆ వేసవులలో విద్యార్థులమై కూర్చుందుము. మాకు నేర్పవలసినవారు మెట్ల మీదనే కూర్చొనియున్నారు.