లైనక్స్ బూట్‌లో సర్వీసుల వైఫల్యం

లైనక్స్ కంప్యూటర్ లేచేటప్పుడు వెనకాల నడవాల్సిన సర్వీసుల్లో ఏదైనా మొదలు కాకపోతే తెరమీద ఎర్ర అక్షరాల్లో ‘ఫెయిల్డ్’ అనే వరుస వస్తుంది. ఆ వరుసకు అర్థమేమిటో, దాని వెనకున్న కారణాన్ని ఎలా పట్టుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం విషయం. ఇక్కడ చెప్పేది సిస్టమ్‌డీ వాడే డెబియన్, ఉబుంటు, ఫెడోరా, రెడ్‌హ్యాట్, ఆర్చ్ వంటి డిస్ట్రోలకు వర్తిస్తుంది. డెవువాన్, ఆల్పైన్, వాయిడ్ వంటి వాటిలో ఆదేశాలు వేరు.

నేపథ్యం

కెర్నల్ తన పని ముగించుకుని మొట్టమొదట నడిపే ప్రాసెస్ సంఖ్య 1. మిగతా సర్వీసులన్నిటినీ లేపే బాధ్యత దానిదే. చాలాకాలం ఈ స్థానంలో యునిక్స్ సిస్టమ్ ఫైవ్ పద్ధతి ఇనిట్ ఉండేది. షెల్ స్క్రిప్టులు ఒకదాని తర్వాత ఒకటి నడిచేవి, ఏది చెడితే అది తనకు తోచిన మాట తెరమీద పడేసేది. 2006లో ఉబుంటు 6.10తో దాని బదులుగా అప్‌స్టార్ట్ వచ్చింది. లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ మొదలుపెట్టిన సిస్టమ్‌డీని పోటరింగ్ 2010 ఏప్రిల్ 30న ప్రకటించాడు.

ఫెడోరాలో అది ఎప్పుడు వచ్చిందనే దానిమీద రెండు లెక్కలు కనిపిస్తాయి. 2010 నవంబరు నాటి ఫెడోరా 14ను కొందరు పేర్కొంటారు. అందులో సిస్టమ్‌డీ ఉన్నమాట నిజమే గాని, పరీక్షించి చూడటానికి మాత్రమే ఇచ్చారు. అడగకుండానే అందరికీ వచ్చింది 2011 మేలో వెలువడిన ఫెడోరా 15లో, కాబట్టి 2011నే తీసుకోవడం సబబు. డెబియన్ సంగతీ ఇంతే. సాంకేతిక సంఘం సమానంగా చీలి, అధ్యక్షుడి నిర్ణాయక ఓటుతో తీర్పు వెలువడింది 2014 ఫిబ్రవరిలో. వాడుకరుల చేతికి వచ్చింది 2015 ఏప్రిల్‌లో, డెబియన్ 8తో. ఉబుంటు కూడా అదే నెలలో 15.04తో మారింది.

ఈ మార్పుతో వైఫల్యం కబురందే తీరు కూడా మారింది. ఫలానా సర్వీసు లేవలేదని ఇప్పుడు సిస్టమ్‌డీయే ఒకే మూసలో ప్రకటిస్తుంది. ఆ ప్రోగ్రాము చెప్పుకున్న సొంత మాటలు జర్నల్ అనే లాగ్‌లోకి వెళ్తాయి. జర్నల్ మామూలు టెక్స్ట్ ఫైలు కాదు కనుక యంత్రం చెడినప్పుడే అది చేతికి అందదని విమర్శకులు అంటారు. ఆ మాటలో కొంత నిజముంది. అయితే ఒక్క సర్వీసు మాటలు, ఒక్క బూట్‌కు సంబంధించినవి, విడిగా తీసి చూసే వీలు పాత లాగ్‌లలో ఇంత సులువుగా ఉండేది కాదు. చెడిన డిస్కును మరో లైనక్స్ యంత్రానికి తగిలించి, జర్నల్‌ను చదివే జర్నల్‌సీటీఎల్ ఆదేశానికి ఆ డైరెక్టరీ చూపిస్తే అక్కడా చదవవచ్చు.

తెరమీది గుర్తులు

ఆకుపచ్చ ‘ఓకే’, ఎర్ర ‘ఫెయిల్డ్’ అందరికీ తెలిసినవే. పసుపు రంగులో వచ్చే ‘డిపెండ్’ దగ్గరే చాలామంది దారి తప్పుతారు. ఆ సర్వీసులో తప్పేమీ లేదు, అది నమ్ముకున్నది లేవలేదు కనుక ఇదీ ఆగిపోయింది అని దాని భావం. ఒక్క వైఫల్యం వెనక పది డిపెండ్ వరుసలు రావచ్చు. అందుచేత కిందనుంచి కాకుండా పైనుంచి చదవాలి. మొదటి ఎర్ర వరుస ఎక్కడుందో అక్కడే వెతుకులాట మొదలుకావాలి. ‘టైమ్’ అంటే గడువు దాటింది. మామూలుగా ఆ గడువు 90 సెకన్లు.

వీటన్నిటికన్నా మోసకారి ‘స్కిప్’. ఇది ముందు లేవాలంటే అది, అది ముందు లేవాలంటే ఇది అని, సర్వీసులు ఎలా లేవాలో రాసి ఉండే యూనిట్ ఫైళ్లలో చక్రం ఏర్పడితే, దాన్ని తెంపడానికి సిస్టమ్‌డీ ఒక సర్వీసును వరుసలోంచి తీసేస్తుంది. అలా తీసేసిన సర్వీసు విఫలమైన వాటి జాబితాలో కనిపించదు. అసలు మొదలే కాలేదు కాబట్టి విఫలమూ కాలేదు. జాబితా ఖాళీగా ఉండి, సర్వీసు మాత్రం నడవకపోతే జర్నల్‌లో ‘ఆర్డరింగ్ సైకిల్’ అనే మాట వెతకడం మంచిది.

ఎక్కడ మొదలుపెట్టాలి

సిస్టమ్‌సీటీఎల్ ఆదేశానికి ‘ఫెయిల్డ్’ ఐచ్ఛికమిస్తే విఫలమైన యూనిట్ల జాబితా వస్తుంది. అందులో ఒక్కటున్నా ‘ఈజ్ సిస్టమ్ రన్నింగ్’ అని అడిగినప్పుడు ‘డిగ్రేడెడ్’ అని జవాబిస్తుంది. ఒక్కో యూనిట్‌కు ‘స్టేటస్’ అడిగితే అది ఏ ప్రాసెస్‌గా నడిచింది, ఏ సంఖ్యతో ఆగింది, చివరి కొన్ని లాగ్ వరుసలు ఏమిటి అన్నవి తెలుస్తాయి. ఆ కొన్ని వరుసలతో సరిపెట్టుకోకూడదు. జర్నల్‌సీటీఎల్‌లో చిన్న ‘యూ’తో యూనిట్ పేరు, చిన్న ‘బీ’తో ఈ బూట్ మాత్రమే అని చెబితే మొత్తం కథ బయటపడుతుంది. ‘బీ’ పక్కన మైనస్ 1 పెడితే కిందటి బూట్.

కిందటి బూట్ జర్నల్ ఉండాలంటే దాన్ని డిస్కు మీద దాచి ఉండాలి. ‘వార్’ కింద ‘లాగ్’లో ‘జర్నల్’ అనే డైరెక్టరీ లేకపోతే జర్నల్ మెమరీలోనే ఉండి, రీబూట్‌తో పోతుంది. రెడ్‌హ్యాట్ 7లో మొదటినుంచీ ఇదే పరిస్థితి. డెబియన్‌లో 2021 నాటి 11వ వెర్షన్ నుంచి దాచడమే అలవాటుగా మారింది.

నిష్క్రమణ సంఖ్యలు

ఆగిపోయినప్పుడు ప్రోగ్రాము వదిలే సంఖ్యలో 1, 2 వంటివి ఆ ప్రోగ్రాము సొంతం. వాటి అర్థం దాని మాన్యువల్‌లోనే దొరకాలి. 200, ఆ పై సంఖ్యల్లో ఎక్కువ భాగం సిస్టమ్‌డీవి. ప్రోగ్రాము మొదటి అడుగు వేయకముందే పని చెడిందని వాటి అర్థం. 200 అంటే చెప్పిన డైరెక్టరీలోకి వెళ్లలేకపోయింది. 217 అంటే యూనిట్‌లో రాసిన యూజరు ఈ యంత్రంలో లేడు. 226 నేమ్‌స్పేస్ ఏర్పాటుకు సంబంధించినది.

అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యేది 203. ఫైలును నడపలేకపోయానని దాని భావం. కారణం జర్నల్‌లో పక్కనే ఉంటుంది. ‘పర్మిషన్ డినైడ్’ అంటే నడిపే అనుమతి ఇవ్వలేదు. ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ అంటే స్క్రిప్టు మొదటి వరుసలో ఏ షెల్‌తో నడపాలో రాయలేదు, లేదా వేరే రకం ప్రాసెసర్ కోసం తయారైన ఫైలు. ‘అలాంటి ఫైలు లేదు’ అన్న జవాబు మాత్రం, ఫైలు కళ్లెదుట ఉన్నప్పుడు, మనిషిని గంటల తరబడి తిప్పుతుంది. స్క్రిప్టును విండోస్‌లో రాసి తెచ్చారేమో అప్పుడు చూడాలి. విండోస్ ప్రతి వరుస చివర కంటికి కనబడని మరో అక్షరం పెడుతుంది. మొదటి వరుసలో బ్యాష్ చిరునామా చివర అది అతుక్కుంటే, కెర్నల్ ఆ అక్షరంతో సహా ఉన్న పేరు గల షెల్ కోసం వెతుకుతుంది. లేదంటున్నది స్క్రిప్టును కాదు, ఆ షెల్‌ను. ‘ఫైల్’ ఆదేశంతో చూస్తే ‘సీఆర్‌ఎల్‌ఎఫ్’ అని కనబడుతుంది. ‘డాస్‌టూయునిక్స్’తో ఆ అక్షరాలు తీసేస్తే సర్వీసు లేస్తుంది.

ఎస్‌ఈలైనక్స్ ఉన్న ఫెడోరా, రెడ్‌హ్యాట్‌లలో అనుమతులన్నీ సరిగా ఉన్నా 203 రావచ్చు. హోమ్ డైరెక్టరీలోంచి జరిపిన ఫైలు తన పాత లేబుల్‌ను వెంట తెచ్చుకోవడం ఇందుకు తరచూ కనిపించే కారణం. ‘రెస్టోర్‌కాన్’ దాన్ని సరిచేస్తుంది.

ఇక్కడే మరో చిక్కు. యూనిట్ ఫైలులో రకం ‘సింపుల్’ అని ఉంటే, ఫైలు నడవకపోయినా ‘స్టార్ట్’ ఆదేశం ఏ ఎర్రరూ చూపకుండా తిరిగి వస్తుంది. నిజంగా నడిచిందో లేదో చూసుకునే ‘ఎగ్జెక్’ రకం 2018 డిసెంబరు నాటి 240వ వెర్షన్‌లో వచ్చింది.

‘మరీ తొందరగా, పలుమార్లు అడిగారు’ అనే అర్థం వచ్చే వరుస కూడా కారణం కాదు. 10 సెకన్లలో 5 సార్లకు మించి లేపకూడదని మామూలు హద్దు. విఫలమైతే మళ్లీ లేపమని యూనిట్‌లో రాసి ఉంటే, రెండు ప్రయత్నాల మధ్య విరామం సెకనులో పదోవంతే కనుక, ఆ అయిదూ రెప్పపాటులో అయిపోతాయి. అసలు ఎర్రర్ వాటి మొదటి ప్రయత్నం దగ్గర ఉంటుంది.

కెర్నల్ మాడ్యూళ్ల సర్వీసు

‘ఫెయిల్డ్ టు స్టార్ట్ లోడ్ కెర్నల్ మాడ్యూల్స్’ అనే వరుస చూసి బెదిరిపోవడం సహజం. ఇది సాధారణంగా ప్రమాదకరం కాదు. జాబితాలోని మాడ్యూళ్లలో ఒక్కటి దొరక్కపోయినా సర్వీసు విఫలమైనట్టే లెక్క, కానీ మిగతావన్నీ ఎక్కించే ఉంటుంది. కెర్నల్ కొత్తది వచ్చి, బయటినుంచి తెచ్చిన డ్రైవర్ దానికి తగ్గట్టు మళ్లీ తయారు కాకపోవడం ఒక కారణం. ఎప్పుడో తీసేసిన ప్యాకేజీ వదిలిపెట్టిన పేరు జాబితాలో మిగిలిపోవడం మరొకటి. ఏ మాడ్యూల్ అన్నది జర్నల్‌లో పేరుతో సహా ఉంటుంది. అవసరం లేనిదైతే ఆ పేరు ముందు పౌండ్ గుర్తు పెడితే చాలు.

ఎఫ్‌స్టాబ్, ఎమర్జెన్సీ మోడ్

మాడ్యూళ్ల వైఫల్యంతో పోలిస్తే ఎఫ్‌స్టాబ్‌లోని చిక్కు నిజంగా యంత్రాన్ని ఆపేస్తుంది. బ్యాకప్ కోసం వాడే బయటి డిస్కును, బూట్‌లో ఏవి మౌంట్ చేయాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో రాసి, ఒకరోజు దాన్ని పీకి పక్కన పెట్టి రీబూట్ చేశారనుకుందాం. సిస్టమ్‌డీ ఆ డిస్కు కోసం 90 సెకన్లు ఎదురుచూస్తుంది. తర్వాత దాని మౌంటు ‘డిపెండ్’ అవుతుంది, స్థానిక ఫైల్ సిస్టమ్‌లన్నీ సిద్ధమయ్యాయని చెప్పే యూనిట్ కూడా దానితోపాటే పడిపోతుంది. యంత్రం ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లి రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. నెట్‌వర్క్, ఎస్‌ఎస్‌హెచ్ లేవవు కనుక దూరాన ఉన్న సర్వర్ అయితే ఎవరో ఒకరు కన్సోల్ ముందు కూర్చోవాల్సిందే. రూట్ ఖాతాకు తాళం వేసి ఉంటే కొన్ని డిస్ట్రోల్లో ఆ తలుపూ తెరుచుకోదు. అప్పుడు లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి ఎఫ్‌స్టాబ్ దిద్దాలి.

లోపలికి వెళ్లగలిగితే, రూట్ ఫైల్ సిస్టమ్ చదవడానికి మాత్రమే తెరిచి ఉన్నట్లయితే, ముందు దాన్ని రాయడానికి వీలుగా మళ్లీ మౌంట్ చేసుకోవాలి. ఆ తర్వాత ఎఫ్‌స్టాబ్‌లో ఆ వరుసకు ‘నోఫెయిల్’ అని చేరిస్తే మరోసారి ఈ బాధ ఉండదు. తీసి పెట్టే ఏ డిస్కుకైనా దీన్ని మొదటి రోజే రాయడం మేలు.

నెట్‌వర్క్ కోసం వేచి ఉండటం

బూట్‌లో లేవని సర్వీసు, లాగిన్ అయ్యాక చేత్తో స్టార్ట్ చేస్తే చక్కగా లేస్తుందంటే అది చాలావరకు వరుసక్రమం తగాదా. నెట్‌వర్క్ టార్గెట్ అన్న యూనిట్ వచ్చినంత మాత్రాన ఐపీ అడ్రస్ వచ్చినట్టు కాదు. ఒక నిర్దిష్ట అడ్రస్ మీద వినాల్సిన వెబ్ సర్వర్ ఆ తొందరలో లేచి, అడ్రస్ ఇంకా లేక పడిపోతుంది. అలాంటి యూనిట్‌ను ‘నెట్‌వర్క్ ఆన్‌లైన్’ టార్గెట్ తర్వాత లేచేలా రాసి, ఆ టార్గెట్‌ను కావాలని కూడా అడగాలి. ‘ఆఫ్టర్’ ఒక్కటే రాస్తే క్రమం మాత్రమే చెప్పినట్టు, పిలిచినట్టు కాదు.

దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది. రెండు నెట్‌వర్క్ కార్డులున్న సర్వర్‌లో ఒకదానికి కేబుల్ లేకపోతే, నెట్‌వర్క్ అమరికకు సిస్టమ్‌డీ వారి నెట్‌వర్క్‌డీ వాడే చోట వేచిచూసే సర్వీసు 120 సెకన్లు నిలబడి, చివరికి విఫలమవుతుంది. ఖాళీగా ఉన్న కార్డు ఆన్‌లైన్‌కు అవసరం లేదని దాని అమరికలో రాస్తే ఆ రెండు నిమిషాలూ మిగులుతాయి. ఉబుంటు నెట్‌ప్లాన్‌లో అదే పని ‘ఆప్షనల్’ అనే వరుస చేస్తుంది.