మట్టి నేలపై మిషను విమానము

మిషనెరీల ప్రయాణములనగానే మనకు ఎడ్లబండియు, గోదావరి పడవయు జ్ఞప్తికి వచ్చును. బండిబాటయైనను లేని దూరదేశపు అడవులలో ఆ పనిని చిన్న విమానములు చేసినవి. వాటికి ఆకాశముననే గాక, దిగిన నేలమీదను గండము పొంచియుండెను.

1945లో అమెరికాలో కొందరు క్రైస్తవ వైమానికులు ఒక సహవాసముగా ఏర్పడిరి. అదియే పిమ్మట మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ అని పేరొందినది. అందు మొదటగా విమానము నడిపినది ఒక సోదరి, బెట్టీ గ్రీన్. యుద్ధకాలమున సైన్యము కొరకు విమానములు నడిపిన అనుభవము ఆమెకు కలదు. 1946 ఫిబ్రవరిలో ఆమె వేకో అను జంటరెక్కల విమానమును కాలిఫోర్నియా నుండి మెక్సికోకు నడిపి, బైబిలు అనువాదకులకు తోడ్పడసాగెను.

నెల దాటగానే ఆపద వచ్చెను. ఆమె స్థానమున రాబోవు పైలట్ అడవిలోని మట్టి మైదానమున దిగుచుండగా, విమానము ప్రక్కనున్న చిన్న కట్టడమును తాకెను. ప్రాణనష్టము లేదు. కాని రెక్క, చక్రపు కాళ్లు, ముందరి పంకా దెబ్బతినెను. ఆ సహవాసమునకున్న విమానము అదొక్కటే! సేవ మొదలైన నెలకే ఆగిపోయినది.

ఇట్టి ప్రమాదములకు కారణమేమి? ఆనాటి చిన్న విమానములకు ముందు రెండు పెద్ద చక్రములు, తోక క్రింద ఒక చిన్న చక్రము ఉండెడివి. ముక్కు పైకెత్తియుండుట వలన పంకాకు రాళ్లు తగులుట తక్కువ. అయితే నేలమీద నడుచునపుడు పైలట్‌కు ఎదుటి దారి సరిగా కనబడదు. బరువు ముందు చక్రములకు వెనుక నుండుటచే, కొంచెము ప్రక్కకు తిరిగినను తోక గిర్రున ముందుకు వచ్చును. బురదలో చక్రము దిగబడినచో ముక్కు నేలకు గుద్దుకొనును. పంకా నేలను తాకినచో ఇంజనును సహా విప్పి చూడవలసియుండును. తడి గడ్డిపై బ్రేకులు సరిగా పట్టవు.

ఆ విరిగిన వేకోను బాగుచేయుటకు నేట్ సెయింట్ అను యువ మెకానిక్ అదే సంవత్సరమున మెక్సికో వెళ్లెను. 1948లో ఈక్వడార్‌లో విమాన సేవ ఆరంభించినదియు ఆయనయే. 1956లో అచ్చటి కురారాయ్ నది ఇసుకతిన్నెపై, తన విమానము దిగిన చోటనే, నలుగురు సహోదరులతో కూడ ఈటెలకు బలియయ్యెను.

ఎగిరినవారి పేర్లు చరిత్రలో నిలిచినవి. గడ్డి కోసి, గుంటలు పూడ్చి, పశువులను తోలి ఆ మైదానములను సిద్ధపరచిన గ్రామస్థుల పేర్లు మనకు తెలియవు. వారు నేలను చదును చేయనిదే ఏ విమానమును క్షేమముగా దిగియుండదు. నూరేండ్ల పండుగ జరుపుకొను మనము, మన సంఘములకు నేల చదును చేసిన అట్టివారిని మరువకుందుము గాక.